పలకంత మాత్ర

తల కదలకూడదు, చెయ్యి కదలాలి. వినడానికి ఎంత తేలిక! గుండ్రటి తెల్లటి ఆ సొరంగంలోకి కూతురు బల్లతో సహా మోకాళ్ళ దాకా వెళ్ళిపోయాక, బయట మిగిలిన రెండు పాదాల దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న తండ్రికి నవ్వులాంటిదేదో వచ్చింది. పొద్దున్న సెలూన్ తలుపు తీసింది మొదలు మళ్ళీ వేసేదాకా అతను జనానికి చెప్పే మాటా అదే మరి, తల కదపకండి సార్, కొంచెం అలాగే ఉండండి, ఇదిగో అయిపోయింది. అక్కడ తల వాళ్ళది, చెయ్యి తనది. ఇక్కడ తలా దానిదే, చెయ్యీ దానిదే, తన వంతుకి వచ్చింది ఒక పాదం. దాన్ని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని కూర్చున్నాడు. పాదం చల్లగా ఉంది, మేజోళ్ళు తొడిగి తేవాల్సింది, మేజోడు అనుకోగానే ఇంట్లో మంచం కింద ఉండాల్సిన తన పాత మేజోడు, దానికి నల్ల పెన్నుతో గీసిన రెండు కళ్ళు, ఒక మూతి, కాదు, అది తరవాత, ముందు ఊపిరి పీల్చుకోవాలి. గట్టిగా పీలిస్తే తన చెయ్యి కదిలి, చేతిలో పాదం కదిలి, పాదం కదిలితే మోకాలు, మోకాలు కదిలితే, ఛ, తల ఎక్కడో అంత దూరాన ఉంది, అంత భయం అక్కర్లేదు.

జేబుల్లో ఏమీ లేదు. ఇనుమన్నది ఏదీ లోపలికి రాకూడదన్నప్పుడు గానీ తన ఒంటిమీద ఎంత ఇనుముందో తెలిసిరాలేదు. బెల్టు, తాళాలు, ఉంగరం, పై జేబులో కత్తెర, వెనక జేబులో ఇంకో కత్తెర. వరండాలో బెంచీ మీద భార్య ఒడి పట్టింది, అతను ఒక్కొక్కటే తీసి అందులో వేస్తుంటే, "ఇంకా ఉన్నాయా? మిమ్మల్ని కూడా విప్పి నా ఒళ్ళో పడేసి వెళ్ళేట్టున్నారు" అని నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. లోపలికి ఒక్కరే రావాలన్నారు, ఎవరు కావాలమ్మా అని అడిగితే పాప ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "అమ్మ ఏడుస్తుంది. నాన్నని రానివ్వండి" అని తీర్పు చెప్పింది. నాన్న ఏడవడని దానికి ఎవరు చెప్పారో. ఇప్పుడు అతని చొక్కా జేబులో మిగిలింది ఒక్క ప్లాస్టిక్ దువ్వెన, దాన్ని ఎవరూ వద్దనలేదు, అది ఉన్నందుకు కొంచెం ధైర్యంగా ఉంది.

టక్. టక్. టకటకటకటక. గోడవతల ఎవరో పనిపెట్టుకుని మేకులు కొడుతున్నట్టు మిషను మొదలుపెట్టింది. చెవుల్లో దూది పెట్టుకున్నా పళ్ళలోంచి వినిపిస్తోంది, అంత చిన్న ప్రాణి దాని నడుమ ఎలా పడుకుందో. పాప తలకి అటూ ఇటూ మెత్తలు దోపారు, కళ్ళకి ఎదురుగా చిన్న అద్దం పెట్టారు, అద్దంలో పిచ్చుక బొమ్మ కనపడుతుంది, పిచ్చుక నోరు తెరిస్తే ఎడమచేతిలో ఉన్న రబ్బరు బుడగని నొక్కాలి, నోరు మూస్తే వదిలెయ్యాలి. నొక్కింది నిజంగా పాపేనా అన్నది మెదడు చెబుతుందట, ఆ చేతికి సంబంధించిన చోట బొమ్మలో రంగు వస్తుందట. "మీరు మాత్రం నొక్కకూడదు నాన్నగారూ, పాదం పట్టుకోండి, అంతే" అని స్కానింగ్ ఆవిడ వేలు చూపించి మరీ చెప్పి, గోడకున్న అద్దం కిటికీ అవతలి గదిలోకి వెళ్ళి కూర్చుంది. ఆవిడకి జలుబు, మాట మాటకీ ముక్కు ఎగబీలుస్తోంది, అయినా చూపు కత్తిలా ఉంది, ఎవర్నీ తొందరగా నమ్మే రకం కాదు.

పోయినసారి ఇదే గదిలో, ఇదే బల్లమీద, ఆటల వైద్యం ఇంకా మొదలవకముందు, పిచ్చుక నోరు తెరిచినప్పుడల్లా పాప నొక్కుదామనే చూసింది పాపం. చెయ్యి మాట వినకపోతే భుజం ఎత్తింది, భుజం చాలకపోతే మెడ తిప్పింది, చివరికి ఒళ్ళంతా కదిలింది, కదలాల్సిన వేళ్ళు తప్ప. బొమ్మ తడి కాగితం మీద సిరాలా అలుక్కుపోయింది. బుడగ జారి కిందపడింది. సరే కనీసం మామూలు బొమ్మైనా తీద్దామని మత్తిచ్చారు, ఆ మత్తు ఎంతకీ దిగలేదు, బయట దీపాలు పెట్టేవేళకి కూడా కళ్ళు తెరవలేదు, భయమేమీ లేదండీ కొందరు పిల్లలంతే అని వచ్చినవాళ్ళు వచ్చినట్టు చెప్పి వెళ్ళారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆ సాయంత్రం అతను వరండాలో కాఫీ మిషను మీద తెచ్చుకున్నాడు, దాన్ని ఒక్కటి చరిచాడు కూడా. ఈసారి మత్తు వద్దని తనే పట్టుబట్టాడు. మెలకువగానే ఉంటుంది, కదలకుండా ఉంటుంది, నాదీ పూచీ అన్నాడు. ఏం చూసుకుని అన్నాడో ఇప్పుడు ఆలోచిస్తే తనకే తెలియడం లేదు. ఆటల టీచరు, అంటే పాపకి చేతి పనులు నేర్పే ఆ వైద్యురాలు, నిన్న మెల్లిగా చెప్పింది: "బొమ్మ బాగా వస్తే పాతదాని పక్కన పెట్టి చూస్తాం. ఆ చేతికి మెదడు దారి వేసుకుంటోందని తేలితే ఆటలు ఇంకా పెంచుదాం. లేదంటే ఇంక ఆపేద్దామండీ. పనిచెయ్యని దానికోసం పసిదాన్ని అలవగొట్టడం నాకిష్టం లేదు." మంచి మనిషి, అబద్ధం చెప్పదు, అదే వచ్చిన చిక్కు.

తలలో నీరు. అందరి తలల్లోనూ ఉంటుందట, వస్తూ ఉంటుందట, పోతూ ఉంటుందట, ఈ పిల్ల తలలో మాత్రం పోయే దారి లేక నిలిచిపోయింది. పుట్టిన కొత్తలో టోపీలు పట్టకపోతే భార్య కంగారుపడింది, అతను అంతకుముందే కంగారుపడ్డాడు కానీ పైకి చెప్పలేదు, ఎన్ని తలలు చేతిలో పట్టుకున్నాడు, తల బరువు అరచేతికి తెలియదా. ఆపరేషను రోజున వార్డులో జుట్టు తియ్యడానికి మనిషి వస్తే, "వద్దు, నేను తీస్తాను, ఇది నా పని" అన్నాడు. ఏ తలకీ పట్టనంత సేపు ఆ తలకి పట్టింది. ఇంత జుట్టు, పట్టులా, నీటిలో నానినట్టు మెత్తగా, రాలినదంతా నర్సు ఊడ్చేస్తుంటే ఊడవద్దనాలనిపించింది. చెవి వెనక, చర్మం కింద, బఠాణీ గింజంత మీట పెట్టారు, అక్కడినుంచి సన్నటి గొట్టం మెడలోంచి పొట్టలోకి, ఎక్కువైన నీరు అటు దిగిపోతుంది. నీరు దిగింది, తల పెరగడం ఆగింది, కానీ దిగేలోపే ఆ నీరు లోపల కుడివైపు నలపాల్సినదంతా నలిపేసింది. కుడివైపు నలిగితే దెబ్బ ఎడమచేతికట, ఇదెక్కడి లెక్క? జుట్టు పెరిగాక ఆ మీట చుట్టూ కత్తెర ఎలా తిప్పాలో అతని వేళ్ళకి తెలిసింది, ఇంకెవర్నీ ఆ తల ముట్టుకోనివ్వలేదు. వీధిలో పిల్లలు పెద్దతలకాయ, పెద్దతలకాయ అని వెంటపడితే పాప ఏడుస్తూ వచ్చింది ఒకనాడు. అతను సెలూన్లో కుర్చీ ఎత్తు పెంచి దాన్ని కూర్చోబెట్టి, అద్దంలో చూపించి, "పెద్దతలకాయలంటే ఎవరనుకున్నావు? పెద్ద పెద్ద ఆఫీసర్లు, కార్లో తిరిగేవాళ్ళు. మా ఇంట్లో పెద్దతలకాయవి నువ్వే" అన్నాడు. క్షవరానికి వచ్చినవాళ్ళు కూడా, నమస్కారం పెద్దతలకాయగారూ, అనేవారు, అదీ దర్జాగా కుడిచెయ్యి ఎత్తేది. ఎడమది ఒళ్ళో పడి ఉండేది, ఎవరో మరిచిపోయి వెళ్ళిన చేతిరుమాలులా.

గుర్ర్ర్ర్. చప్పుడు మారింది. పాదం కదల్లేదు. శభాష్ తల్లీ.

టాబ్లెట్‌తో వైద్యం చేద్దామని ఆటల టీచరు మొదటిసారి అన్నప్పుడు పక్కనే అమ్మ కూడా ఉంది, అతని తల్లి, ఇంటి మొత్తానికి నాయనమ్మ. అంతా శ్రద్ధగా విని, కొంగు సర్దుకుని అడిగింది, "పరగడుపునా, తిన్నాకా?" టీచరు అర్థంకాక చూసింది. "అదేనమ్మా, మాత్ర. పిల్లకి కడుపులో మంట అదీ చెయ్యదు కదా?" టీచరు సొరుగులోంచి పలకంత టాబ్లెట్ తీసి బల్లమీద పెట్టింది. నాయనమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "ఇంత మాత్ర ఎలా మింగుతుంది?" అంది. ఆ రోజు టీచరు నవ్విన నవ్వుకి పక్క గదిలోంచి మనుషులు వచ్చి చూశారు. ఆనాటి నుంచి ఇంట్లో దాని పేరు మాత్ర. మాత్ర చార్జింగ్ పెట్టారా, మాత్ర కిందపడేశావా, మాత్ర వేసుకున్నావా. దాని అట్టలో అయస్కాంతం ఉంటుంది, చెవి వెనక మీటకి మంచిది కాదు, స్కానింగ్ అయితే అయ్యాక మీటని మేమే సరిచూస్తాం, ఇంట్లో మాత్రం తల దగ్గరికి రానివ్వకండి అంటే, నాయనమ్మ మాత్రని జానెడు దూరాన పెట్టి జాన కొలిచి మరీ చూసేది. నాయనమ్మ తప్పు ఒప్పుకునే మనిషి కాదు, తను అన్న మాటే నిజం చెయ్యాలని చూస్తుంది, అందుకని రోజూ అన్నం తిన్నాకే ఆట మొదలుపెట్టించేది, ఆట అయిపోగానే గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టేది. "మాత్ర వేసుకున్నాక నీళ్ళు తాగకపోతే గొంతుకి అడ్డం పడుతుంది." పాప గటగటా తాగేసేది. తలలో నీరు ఎక్కువైన పిల్లకి ఈ నీళ్ళేంటి అని అతను ఒకసారి అంటే, "నీ మొహం, ఆ నీళ్ళు వేరు, ఈ నీళ్ళు వేరు" అని కసిరింది.

ఆట పెద్ద విశేషమేమీ కాదు. తెరమీద గింజలుంటాయి, పిచ్చుక నోరు తెరుస్తుంది, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి గింజని పట్టి నోట్లో వెయ్యాలి. కుడిచెయ్యి దొంగది, మధ్యలో దూరిపోతుంది, అందుకని దానికి అతని మేజోడు తొడిగి, కళ్ళు గీసి, నువ్వు నిద్రపో అని జోకొట్టేవారు. ఎడమచెయ్యి వచ్చేది, వణుక్కుంటూ, ఆగుతూ, తెర అంచుదాకా వచ్చి పడిపోయేది. మళ్ళీ వచ్చేది. పిచ్చుక నోరు తెరుచుకునే ఉండేది. పాప పెదవి కొరుక్కునేది, నుదుట చెమట పట్టేది, అది చూస్తూ ఎవరైనా ఊరుకోగలరా, అతను ఊరుకోలేకపోయాడు. మణికట్టు కింద ఒక్క వేలు పెట్టాడు. ఒక్క వేలే. గింజ పడింది, పిచ్చుక కిచకిచమంది, పాప మొహం విప్పారింది. మర్నాడు రెండు వేళ్ళు. ఆటలో వచ్చే అంకెలు పెరిగాయి, అవి నేరుగా టీచరుకి చేరతాయి, టీచరు ఫోన్ చేసి భలే భలే అంది. ఒకరోజు నాయనమ్మ నీళ్ళ గ్లాసుతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. పాప వినకుండా పక్క గదిలోకి పిలిచి, "ఒరేయ్, మాత్ర నువ్వే మింగేస్తే జబ్బు దానికెలా తగ్గుతుందిరా?" అంది. నలభై దాటినవాడికి చెవులు ఎర్రబడ్డాయి. వేళ్ళు తీసేశాడు. తీసేశాడా? మణికట్టు కింద తీసేశాడు. మోచెయ్యి కింద అరచెయ్యి ఉండేది, ఊరికే, ఆసరాకి, దిండు ఉండదా అలాగ, అది సాయం కిందికి రాదనుకున్నాడు. ఈమధ్య అదీ లేదు, మాత్ర వేళకి సెలూన్లోనే ఉండిపోతున్నాడు, కావాలనే. కానీ ఆ పెరిగిన అంకెల్లో దాని వాటా ఎంత, తన వాటా ఎంత? ఇన్ని నెలలూ ఎదిగింది ఎవరి చెయ్యి? ఈ మాట టీచరుతో అనలేదు, భార్యతో అనలేదు. ఇప్పుడీ మిషను చెప్పేస్తుంది. దాని మెదడులో ఏ రంగూ రాకపోతే, అందులో కొంత తను మింగేసిన మాత్రే. ఆ పై ఆటలు ఆపేస్తారు, మేజోడు మేజోడు అయిపోతుంది, ఒళ్ళో చెయ్యి ఒళ్ళోనే ఉండిపోతుంది.

మెదడు దారి వేసుకోవడమంటే ఏమిటని అతను అడిగినప్పుడు టీచరు ఏవేవో గీసి చూపించింది, నలిగిన దారి పక్కనుంచి కొత్త దారి అంది, చేసిందే చేస్తుంటే గట్టిపడుతుంది అంది. అతను కాసేపు ఆలోచించి, "పాపిడిలా అన్నమాట" అన్నాడు. కొత్తగా పక్క పాపిడి కావాలని వస్తారు జనం, జుట్టు వినదు, పాత అలవాటుకే పడిపోతుంది, రోజూ అక్కడే దువ్వండి, తడిపి దువ్వండి అని చెప్పి పంపిస్తాడు. కొన్నాళ్ళకి నిద్ర లేచేసరికే పాపిడి ఉంటుంది, దువ్వకుండానే. టీచరుకి అది ఎంత నచ్చిందంటే, తరవాత వేరే పిల్లల అమ్మానాన్నలకి కూడా అలాగే చెప్పిందట. మరి పాపిడి తీసేటప్పుడు దువ్వెన ఇంకొకళ్ళు పట్టుకుంటేనో? పడుతుంది, ఎవరు దువ్వినా పడుతుంది. ఆ మాట మీద అతనికి కొంచెం ఆశ పుట్టింది. అంతలోనే, జుట్టుకి మనసేముంది, చేతికి కావాలి కదా, అనిపించి ఆశ కాస్తా చప్పబడింది.

టకటకటక. ఎంతసేపైందో. ఇక్కడ గడియారం కూడా లేదు, అదీ ఇనుమే మరి. పాదం వేడెక్కింది తన చేతుల్లో. నొక్కుతోందా? బుడగకి చప్పుడు ఉండదు. సొరంగంలో వెలుతురైతే ఉంది, దుప్పటి అంచు జారి చేతిని కప్పేసింది, దుప్పటి కింద ఏదో మెదిలినట్టుంది, మిషను అదురుకి మెదిలిందేమో. అతను కొంచెం ముందుకు వంగాడు. ఇంకొంచెం. ఎడమచేత్తో పాదం వదలకుండా, కుడిచెయ్యి బల్ల అంచు మీదుగా మెల్లిగా లోపలికి వెళ్ళింది, దుప్పటి కాస్త ఎడంగా జరుపుదామని, చూద్దామని మాత్రమే, ఇంకేం లేదు. పాప చేతి దగ్గరికి వెళ్ళి ఆగింది. జానెడు దూరం. ఒక్క వేలు పెడితే చాలు. పిచ్చుక నోరు ఎప్పుడు తెరుస్తోందో తనకి కనపడదు కానీ ఒక్క వేలు, బుడగ మీద కాదు, మణికట్టు కింద, ఇంత దూరం వచ్చి పిల్ల ఓడిపోకుండా. అమ్మ గొంతు వినిపించింది చెవిలో దూదిని దాటుకుని, ఒరేయ్. వేలు దుప్పటి అంచుని పట్టుకుని ఇవతలికి లాగింది, అంతే.

అప్పుడు మిషను ఆగిపోయింది. గోడకున్న స్పీకర్లోంచి జలుబు గొంతు, ఈసారి కోపంగా.

"నాన్నగారూ! ముందే చెప్పాను కదండీ నొక్కొద్దని. మీ చెయ్యి తియ్యండి అక్కణ్ణించి."

"నేను కాదండీ."

"పిచ్చుక నోరు తెరిచినప్పుడల్లా ఠంచనుగా నొక్కు పడుతోంది ఇక్కడ. పోయినసారి ఈ పాప ఒక్కటి కూడా నొక్కలేకపోయింది. నాకు తెలియదనుకున్నారా? మీరు సాయం చేస్తే ఇదంతా దండగండీ. మళ్ళీ చేస్తాను. వెనక్కి జరగండి."

ఏం విన్నాడో అతనికి వెంటనే అర్థం కాలేదు. తిట్టిందని మాత్రమే అర్థమైంది. లేచాడు, స్టూలు పడింది, గోడ వీపుకి తగిలేదాకా వెనక్కి నడిచాడు. అప్పుడు ఎక్కింది బుర్రకి. తన చెయ్యి అక్కడ లేదు. ఠంచనుగా అంది. తన చెయ్యి ముట్టుకోనే లేదు, ఠంచనుగా అంది! రెండు చేతులూ పైకెత్తాడు, పది వేళ్ళూ విప్పి, అద్దం వెనక మనిషికి బాగా కనపడేలా, తలకన్నా ఎత్తుగా. చొక్కా పైకి లాగినట్టయి జేబులోంచి దువ్వెన జారి నేలమీద పడింది. తీసుకోలేదు.

టక్. టక్. టకటకటక. పాదం ఒక్కటే ఉంది బల్లమీద, పట్టుకునేవాళ్ళు లేకుండా. దుప్పటి జారిన చోట చెయ్యి కనపడుతోంది, ఎంత చిన్న చెయ్యి, దాని మధ్య నల్లటి బుడగ. ఏమీ కాలేదు. పిచ్చుక నోరు మూసుకుని ఉందేమో. నాన్న వదిలేశాడని భయపడిందేమో. తర్వాత బొటనవేలు వంగింది. దాని వెనకే మిగతావి, ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నట్టు, బుడగ చుట్టూ మూసుకున్నాయి. విడిచాయి. ఆగాయి. మళ్ళీ మూసుకున్నాయి. భుజం ఎత్తలేదు, మోకాలు తిరగలేదు, పాదం వేలు కూడా మెదల్లేదు, ఒక్క చెయ్యి మాత్రమే చేస్తోంది, ఎవరూ పట్టుకోని చెయ్యి. అద్దం వెనక ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడి ఒకసారి తెర వైపూ, ఒకసారి పైకెత్తిన అతని చేతుల వైపూ చూస్తోంది. అతనికి కళ్ళు కనపడటం లేదు, ధారలు కడుతున్నాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. కిందికి దించితే మళ్ళీ అనుమానపడుతుందేమోనని, నొప్పి పుడుతున్నా అలాగే నిలబడ్డాడు.

ఎప్పటికో చప్పుడు ఆగింది. గోడలోంచి గొంతు వచ్చింది, జలుబు ఇంకాస్త ఎక్కువైనట్టుంది.

"తల వెంట్రుకవాసి కూడా కదల్లేదండీ" అంది. ఇంకేదో అనబోయి, "క్షమించండి" అంది.

సొరంగంలోంచి చిన్న పిలుపు. "నాన్నా."

"ఆ, తల్లీ." చేతులు ఇంకా పైనే ఉన్నాయి.

"మాత్ర అయిపోయింది. నీళ్ళేవి?"